తాతల నాటి టైల్స్, పోత ఇనుప స్తంభాలు: విప్పే ముందు వాటి మీది రాత చదవండి

ఇదే పరిస్థితిలో ఉన్న మరికొందరికీ పనికొస్తుంది కాబట్టి మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. కాకినాడ దగ్గరి మీ సొంత ఊళ్లో ఒక మండువా ఇల్లు ఉంది. 1890లలో కట్టారని ఇంట్లో పెద్దలు చెబుతారు. హాల్లో గోధుమ, లేత పసుపు, నలుపు రంగుల్లో ఆరంగుళాల టైల్స్ పరిచారు. వీధి వరండాకు ఎనిమిది ఇనుప స్తంభాలు, మేడ మీద ఇనుప రైలింగ్ ఉన్నాయి. వరండా గోడకు నడుము ఎత్తు వరకు నెమళ్లు, గులాబీలు ఉన్న మెరుపు టైల్స్ అతికించారు. పైకప్పుకు మంగళూరు పెంకులు. అన్నదమ్ములు ఇల్లు తీసేద్దామంటున్నారు, కూల్చే కాంట్రాక్టరు మొత్తానికి గంపగుత్తగా ఒక ధర చెప్పాడు. న్యూజెర్సీలో ఉంటున్న మీరు రెండు వందల టైల్స్ అక్కడికి తీసుకెళ్లాలనుకుంటున్నారు. ఇవి పేరున్న ఇంగ్లిషు కార్ఖానా మింటన్ చేసిన టైల్సేనా, మేస్త్రి చెప్పినట్టు యాసిడ్‌తో కడగవచ్చా, విరిగిన రైలింగ్‌కు వెల్డింగ్ చేయించవచ్చా, వీటి విలువ ఎంత అని అడిగారు.

గంపగుత్త ధరకు మాత్రం ఒప్పుకోకండి. అది తక్కువా ఎక్కువా అన్నది తర్వాతి సంగతి. ఆ లెక్కలో స్తంభాలు తుక్కు ఇనుముగా కాటాకు ఎక్కుతాయి, టైల్స్ గడ్డపార కింద ముక్కలవుతాయి. మీ ఫోటోలను బట్టి చూస్తే ఆ ఒక్క ఇంట్లో ఇంగ్లండ్, స్కాట్లండ్, జపాన్, మంగళూరు కార్ఖానాల సరుకు ఉంది. దేని సంగతి దానిదే. ప్రతిదానికీ వెనకనో అడుగునో ఎక్కడ పుట్టిందో, ఎప్పటిదో తెలిపే గుర్తు ఉంది. ఆ గుర్తు చదివి, రాసి, ఫోటో తీసి పెట్టుకోకుండా ఒక్క పలకను కూడా కదపకూడదు. నలభై ఏళ్లుగా పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నవాడిగా ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

నేల టైల్స్ సంగతి. ఇవి మింటన్‌వి కావు. మన దేశంలో పాత ఇంగ్లిషు టైల్ ఏది కనిపించినా మింటన్ అనేయడం అలవాటైపోయింది. మీరు పంపిన ఊడిన పలక వెనక ‘మావ్ అండ్ కో, బెంథాల్ వర్క్స్, జాక్‌ఫీల్డ్’ అని అచ్చు ఉంది. దీనికి నిరాశ పడనక్కర్లేదు. జార్జ్ మావ్, ఆర్థర్ మావ్ అనే అన్నదమ్ములు 1850లో వూస్టర్‌లో మొదలుపెట్టి, 1852లో ష్రాప్‌షైర్‌లోని బెంథాల్‌కు మారి, 1883లో దగ్గర్లోని జాక్‌ఫీల్డ్‌లో కొత్త కార్ఖానా కట్టారు. అప్పట్లో అది ప్రపంచంలోనే అతి పెద్ద టైల్ కార్ఖానా. ఏడాదికి రెండు కోట్లకు పైగా పలకలు అక్కడి నుంచి బయటికి వెళ్లేవి. జార్జ్ మావ్ వృక్షశాస్త్రంలో కూడా ఉద్దండుడు, కుంకుమపువ్వు జాతి మొక్కల మీద ఆయన చేసిన పనిని నేటికీ గౌరవంగా తలుస్తారు.

ఆ అచ్చులో మీకు పనికొచ్చే ముక్క ‘జాక్‌ఫీల్డ్’. బెంథాల్ వర్క్స్ అనే పేరును కొత్త చోటికీ తీసుకెళ్లారు కాబట్టి ఆ పేరు ఒక్కటీ తేదీ చెప్పదు. జాక్‌ఫీల్డ్ అని ఉందంటే మాత్రం 1883కి ముందుది కాదు. అచ్చులో ఎక్కడా ‘ఇంగ్లండ్’ అని లేదు. అమెరికా 1890 నాటి సుంకాల చట్టంతో దిగుమతి సరుకు మీద ఏ దేశపుదో రాయడం తప్పనిసరి చేసింది. దాంతో 1891 తర్వాతి ఇంగ్లిషు సరుకు మీద ఆ మాట ఎక్కువగా కనిపిస్తుంది. అది లేకపోవడం రుజువు కాదు, సూచన మాత్రమే. అయినా ‘1890లు’ అన్న మీ ఇంటి మాటకూ ఈ పలకకూ పొత్తు కుదురుతోంది.

ఈ రకాన్ని ఎన్‌కాస్టిక్ టైల్ అంటారు. దీని మీది పువ్వు రంగు పూసి వేసినది కాదు. మెత్తటి బంకమట్టిని ప్లాస్టర్ అచ్చులో ఒత్తుతారు. అచ్చులో నమూనా ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి మట్టిలో అది పల్లంగా పడుతుంది. ఆ పల్లాల్లో వేరే రంగు మట్టిని జావలా కలిపి, పైకి పొంగేలా పోస్తారు. కొన్నాళ్లు ఆరనిచ్చి పైపొరను గీకేస్తే నమూనా అంచులు స్పష్టంగా తేలతాయి. అప్పుడు బట్టీలో కాలుస్తారు. రెండు మట్టులూ ఆరేటప్పుడూ కాలేటప్పుడూ ఒకేలా కుంచించుకుపోవాలి. లేకపోతే పువ్వు ఊడి వస్తుంది, లేదా పలక వంకర పోతుంది. మధ్యయుగపు సన్యాసుల మఠాలతో పాటే అంతరించిన ఈ పనికి 1830లో శామ్యూల్ రైట్ పేటెంటు తీసుకున్నాడు. స్టోక్ ఆన్ ట్రెంట్‌లో హెర్బర్ట్ మింటన్ దాన్ని కొని, ఏళ్ల తరబడి పాడైన పలకలు పారబోస్తూ పట్టు సాధించాడు. లండన్ పార్లమెంటు భవనంలో వాస్తుశిల్పి ప్యూగిన్ గీసిన నేలలు, వాషింగ్టన్ క్యాపిటల్ నడవాల్లో 1856 నుంచి పరిచిన నేలలు ఆ కార్ఖానావే. 1840లో రిచర్డ్ ప్రాసర్ మరో పేటెంటు తీసుకున్నాడు. దాదాపు పొడిగా ఉన్న మట్టి పొడిని స్క్రూ ప్రెస్సులో గట్టిగా ఒత్తడం ఆ పద్ధతి. మొదట గుండీల కోసం పుట్టిన ఈ ఉపాయమే తర్వాత టైల్స్‌ను వేలల్లోంచి కోట్లల్లోకి తీసుకెళ్లింది.

మీరు న్యూజెర్సీలోనే ఉన్నారు కాబట్టి ఒక సెలవు రోజున న్యూయార్క్ సెంట్రల్ పార్కులో బెథెస్డా టెర్రస్ కింది మండపానికి వెళ్లండి. తల ఎత్తి చూడండి. ఆ కప్పంతా మింటన్ ఎన్‌కాస్టిక్ టైల్సే, 15,000కు పైగా ఉంటాయి. జేకబ్ రే మౌల్డ్ వాటిని రూపొందించాడు. నేలకు పరిచేవాటిని కప్పుకు వేలాడదీశారు! నీరు కారి, వెనకున్న ఇనుము తుప్పు పట్టి కప్పు ప్రమాదంగా మారాక 1980లలో అన్నిటినీ విప్పి దాచారు. ఇరవై ఏళ్లకు పైగా గోదాములో ఉన్న ఆ పలకలు శుభ్రమై 2007లో మళ్లీ తమ చోటికి చేరాయి. విప్పినప్పుడు దేని చోటు ఏదో పద్ధతిగా రాసి పెట్టుకుంటేనే ఇలాంటివి సాధ్యమవుతాయి.

మీ హాలు నేల మొత్తం ఒకటే రకం అనుకోకండి. రెండో ఫోటోలో కిటికీ వైపున్న వరసల్లో పువ్వు అంచు కాస్త అలుక్కుపోయినట్టు ఉంది, రంగు కూడా పాలిపోయింది. అవి తర్వాత వేసిన సిమెంటు టైల్స్ కావచ్చని నా అనుమానం. చూపుకు రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి గాని సిమెంటు టైల్ బట్టీ ముఖం చూడదు. రంగు కలిపిన సిమెంటును ఒత్తిడితో అచ్చుపోసి నీటిలో నానబెట్టి గట్టిపరుస్తారు. చెట్టినాడు ఇళ్లకు పేరు తెచ్చిన ఆత్తంగుడి టైల్స్ కూడా బట్టీలో కాల్చని సిమెంటువే. తేల్చుకోవడానికి ఒక విరిగిన ముక్క చాలు. పాత సున్నం అంటని చోట కొత్తగా విరిచి, ఆ అంచు మీద రెండు చుక్కల నిమ్మరసం వేయండి. సిమెంటయితే సన్నని బుడగలు వస్తాయి, కాల్చిన మట్టయితే ఏమీ కాదు. ఒక్క విరిగిన ముక్క మీదే చేయండి, నేల మీద వద్దు.

గోడ మీది నెమళ్లకు వద్దాం. ఇవి ఇంగ్లిషువి కావు, 1890ల నాటివీ కావు. ఉబ్బెత్తు గీతల మధ్య రంగు గ్లేజు, అంటే గాజులాంటి మెరుపు పూత, నిలిచి ఉండే ఈ పద్ధతి మింటన్‌లో లియోన్ ఆర్నూ తీర్చిదిద్దిన మజోలికా గ్లేజు సంప్రదాయం నుంచే వచ్చింది. మీ ఫోటోలో ఒక మూల ఊడిన పలక వెనక ‘మేడ్ ఇన్ జపాన్’ అని సగం కనిపిస్తోంది. మొదటి ప్రపంచ యుద్ధంలో యూరప్ సరుకు రావడం తగ్గిపోయినప్పుడు జపాన్ కార్ఖానాలు మన మార్కెట్లోకి వచ్చాయి. అవాజీ ద్వీపంలోని డాంటో లాంటి సంస్థలు ఇంగ్లిషు నమూనాలను అనుకరించడంతో మొదలుపెట్టి, మన కొనుగోలుదారుల కోసం లక్ష్మీదేవి, కృష్ణుడు, నెమళ్ల బొమ్మలతో ప్రత్యేకంగా టైల్స్ చేసి పంపాయి. కాబట్టి ఆ గోడకు 1910ల తర్వాత, బహుశా 1920లలో, మీ పెద్దల్లో ఎవరో మరోసారి ముచ్చటపడి కొత్త సింగారం చేయించారు. వ్యాపారులు వీటిని ‘విక్టోరియన్’ అని అమ్మడం నేను చాలాసార్లు చూశాను. జపాన్‌వి అయినంత మాత్రాన తక్కువ చేసి చూడవద్దు, బొమ్మల్లో అవి ఎంతో అందమైనవి. గోడ టైల్స్ గురించి ఒక హెచ్చరిక కూడా ఉంది. ఈ రకం మెరుపు గ్లేజుల్లో సీసం ఉండడం సర్వసాధారణం. సాన పట్టకండి, కోయకండి, వేడి గిన్నెలూ తినుబండారాలూ పెట్టే పలకలుగా వాడకండి.

పెంకుల మీద ‘బాసెల్ మిషన్, 1865’ అని ఉందని, అవి ఇంటికంటే పాతవా అని అడిగారు. కాదు. బాసెల్ మిషన్ స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన క్రైస్తవ ప్రచార సంస్థ. మంగళూరులో నేత్రావతి ఒడ్డున జార్జ్ ప్లెబ్‌స్ట్ ఆ మిషన్ తరఫున పెంకుల కార్ఖానా పెట్టిన సంవత్సరం అది. ఫ్రాన్సులోని అల్సాస్‌లో గిలార్డొనీ సోదరులు రూపొందించిన, ఒకదానిలో ఒకటి ఇమిడే పెంకు నమూనాను అక్కడ మన మట్టితో చేశారు. కార్ఖానా పుట్టిన ఏడును తర్వాత దశాబ్దాల పాటు పెంకుల మీద అచ్చు వేశారు. బాగున్నవాటిని విడిగా పేర్చి పెట్టండి, మరమ్మతుకు ఎప్పుడైనా కావాలి.

ఇప్పుడు ఇనుము. మీ ఇంట్లో నాకు అన్నిటికన్నా విలువైనవిగా కనిపించినవి ఈ ఎనిమిది స్తంభాలే. నాలుగో స్తంభం పాదం దగ్గర పెయింటు రేగిన చోట ‘మెక్‌ఫార్లేన్స్, గ్లాస్గో’ అన్న అక్షరాలు, పక్కన ఒక అంకె ఉన్నాయి. వాల్టర్ మెక్‌ఫార్లేన్ 1850లో గ్లాస్గోలోని సారాసెన్ లేన్‌లో పోత ఇనుప పని మొదలుపెట్టాడు. సారాసెన్ ఫౌండ్రీ అన్న పేరు ఆ వీధి నుంచే వచ్చింది. తర్వాత నగరానికి ఉత్తరాన పాసిల్ ఎస్టేటు కొని, అక్కడ పెద్ద కార్ఖానాతో పాటు ఒక పేటనే కట్టించాడు. 1872లో పది మంది ఉన్న పాసిల్‌పార్క్‌లో 1891 నాటికి పది వేల మంది ఉన్నారు. స్తంభాలు, రైలింగులు, మంచినీటి ఫౌంటెన్లు, బ్యాండ్ మండపాలు, దీపస్తంభాలు, వాననీటి గొట్టాలు, అన్నిటికీ నంబర్లు వేసి భారీ కేటలాగులు అచ్చు వేసేవారు. ప్రపంచంలో ఏ రేవులో ఉన్నవారైనా పేజీ చూసి నంబరు రాసి పంపితే సరుకు ఓడలో వచ్చేది. మైసూరు పాత ప్యాలెస్ 1897లో కాలిపోయాక హెన్రీ ఇర్విన్ కట్టిన కొత్త ప్యాలెస్‌లో కల్యాణ మండపపు పోత ఇనుప స్తంభాలూ గ్లాస్గో నుంచి వచ్చినవే. మీ స్తంభం మీది అంకె ఆ కేటలాగు నంబరు అయి ఉండవచ్చు. దాన్ని జాగ్రత్తగా చదివి పంపండి, సరిపోల్చి చూస్తాను.

రైలింగ్ పలకలో ఇంకా మంచి ఆధారం ఉంది. మీరు ‘డైమండు ఆకారంలో ఏదో అలంకారం’ అని రాశారు. అది అలంకారం కాదు, బ్రిటిష్ ప్రభుత్వపు డిజైన్ రిజిస్ట్రేషన్ గుర్తు. 1842 నుంచి 1883 వరకు ఇనుముకూ, పింగాణీకీ, గాజుకూ, కర్రకూ ఒకే గుర్తు వాడారు. పైన చిన్న వలయంలోని రోమన్ అంకె వస్తువు తరగతి: ఒకటి అయితే లోహం, రెండు కర్ర, మూడు గాజు, నాలుగు మట్టి, పింగాణీ వస్తువులు. డైమండు నాలుగు మూలల్లో సంవత్సరం, నెల, తేదీ, దస్త్రం నంబరు ఉంటాయి. 1867 వరకు సంవత్సరపు అక్షరం పై మూలలో ఉండేది, 1868 నుంచి కుడి మూలకు మారింది. మీదాంట్లో పైన రోమన్ ఒకటి, కుడి మూలలో ఇంగ్లిషు ‘వి’, కింది మూలలో ‘డి’. అంటే లోహపు తరగతి, 1876, సెప్టెంబరు. 1884 నుంచి డైమండు పోయి వరస నంబరు వచ్చింది. అది ఒకటి నుంచి మొదలై 1900 నాటికి మూడున్నర లక్షలు దాటింది.

ఈ తేదీ డిజైను నమోదైనది, మీ పలక పోత పోసినది కాదు. మంచి నమూనా ఏళ్ల తరబడి కేటలాగులో ఉండేది. ఇల్లు ఎప్పటిదో తేల్చాలంటే మొదట కట్టినప్పటి వస్తువుల్లో అన్నిటికంటే కొత్తది ఏదో చూడాలి. మీ ఇంట్లో ఇనుము డిజైను 1876, నేల 1883 తర్వాతిది. కాబట్టి ఇల్లు 1883కి ముందుది కాదు, గోడ సింగారం 1910ల తర్వాతిది. దస్తావేజులు లేకపోయినా ఇంత దూరం రావచ్చు. కాంట్రాక్టరు ఒక్క రోజులో అన్నీ కలిపి లారీకెక్కిస్తే ఈ లెక్క మళ్లీ ఎవరికీ దొరకదు.

విరిగిన రైలింగ్‌కు వీధి చివర వెల్డింగ్ షాపు పనికిరాదు. మీ రైలింగ్‌లో రెండు రకాల ఇనుము ఉంది. తీగలు, పువ్వులు ఉన్న పలకలు పోత ఇనుము. ఇసుక అచ్చులో కరిగిన ఇనుము పోసి చేసినవి. వెనక వైపు చదునుగా ఉంటాయి, అంచున అచ్చు కలిసిన సన్నని గీత ఉంటుంది, ఏ పలక చూసినా అచ్చం ఒకటే. వాటిని పట్టి ఉంచిన పొడుగు పట్టీలు చేత ఇనుము కావచ్చు. కమ్మరి సుత్తె కింద సాగిన ఆ ఇనుము తుప్పు పట్టిన చోట చీలిన కర్రలా పొరలు పొరలుగా నారలు చూపిస్తుంది. చేత ఇనుము వంగుతుంది. పోత ఇనుములో కర్బనం 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది కాబట్టి అది వంగదు, విరుగుతుంది. బరువును మోయడంలో దానికి సాటి లేదు, లాగినా కొట్టినా తట్టుకోదు. మామూలు ఆర్క్ వెల్డింగ్ చేస్తే అతుకు పక్కన లోహం గాజులా పెళుసై, చల్లారేలోగానే కొత్త పగులు వస్తుంది. పలకను మొత్తంగా వేడి చేసి నికెల్ కడ్డీతో అతికి, చాలా నెమ్మదిగా చల్లార్చడం ఒక దారి. వేడి లేకుండా పగులుకు అడ్డంగా లోహపు కుట్లు వేయడం ఇంకో దారి. అలంకార పలకకు నేను రెండోదే కోరుకుంటాను.

లేని పలకల స్థానంలో పాతదాన్నే నమూనాగా పెట్టి కొత్తవి పోయించవచ్చు. కాకపోతే ఇనుము చల్లారేటప్పుడు దాదాపు ఒక శాతం కుంచించుకుపోతుంది. పాత పలక నుంచి నేరుగా అచ్చు తీస్తే కొత్తది ఆ మేరకు పొట్టిదవుతుంది, బోల్టు రంధ్రాలు కలవవు. అందుకే కర్రతో కాస్త పెద్ద నమూనా చెక్కించాలి. నకిలీని పట్టడానికీ ఇదే కొలత పనికొస్తుంది. అసలుకంటే కాస్త చిన్నగా, ఆకుల అంచులు మొద్దుబారి ఉన్నదాన్ని అనుమానించాలి.

స్తంభాల విషయంలో ప్రాణాపాయం ఉంది. అవి గుల్ల స్తంభాలు. వాటి మీద వరండా దూలం, మేడ బరువు ఉన్నాయి. పైన ఆధారం పెట్టకుండా ఒక్కదాన్ని కదిపినా వరండా కూలుతుంది. పోత పోసేటప్పుడు గుల్ల కోసం లోపల పెట్టే ఇసుక దిమ్మ కాస్త పక్కకు జరగడం ఆ రోజుల్లో మామూలే. దాంతో ఒక వైపు గోడ మందంగా, ఎదుటి వైపు పల్చగా ఉంటుంది. ఇంజినీరు ఒకే ఎత్తులో చుట్టూ మూడు చోట్ల సన్నని రంధ్రాలు వేసి మందం కొలిచాకే బరువు లెక్క వేయాలి. ఇలాంటి స్తంభాల్ని వాననీటి గొట్టాలుగా కూడా వాడేవారు. పాదం దగ్గర మీరు చూపిన తుప్పు కారుతున్న చార చూస్తే మీ ఇంట్లోనూ అలాగే ఉందనిపిస్తోంది. పైన ఆకులు అడ్డుపడి, లోపల నీరు నిలిచి, లోపలి నుంచి తినేస్తుంది. పైకి పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది.

పాత పెయింటును గీకించే తొందర వద్దు. అడుగున సిందూరం లాంటి ఎర్రటి పొర ఉంటే అది సీసపు పెయింటు, ఆ పొడి పిల్లలకు విషం. పొడిగా రుద్దకుండా, నీటితో తడిపి, ముక్కుకు సరైన మాస్కుతో, ఊడే పొరలను మాత్రమే తీయాలి. ఇసుక వేగంగా కొట్టి శుభ్రం చేసే యంత్రం ఆకుల నరాలను కూడా చెరిపేస్తుంది. కొత్త రంగు వేసే ముందు ఒక చోట పొరలు పొరలుగా మొదటి రంగు దాకా వెళ్లి చూడండి. ఆ కాలపు ఇనుము అంతా నల్లగానే ఉండేదన్నది అపోహ. ఆకుపచ్చ, ముదురు గోధుమ, కంచు రంగులు కూడా దొరుకుతాయి.

యాసిడ్ ప్రశ్నకు జవాబు: ససేమిరా వద్దు. మరుగుదొడ్లు కడిగే ఆ ద్రావకం టైల్ మధ్యనున్న సున్నాన్ని తినేస్తుంది, గ్లేజును మసకబారుస్తుంది, పలక లోపలికి లవణాలను దింపుతుంది. సముద్రం పక్క ఊరు కాబట్టి నేలలో ఉప్పు ఇప్పటికే ఉంది. తడి ఆరినప్పుడల్లా ఆ ఉప్పు పైకొచ్చి తెల్లగా పూస్తూ పలక ముఖాన్ని పెచ్చులుగా లేపుతుంది. మెత్తటి కుంచెతో దుమ్ము తీసి, గోరువెచ్చని నీటిలో కొద్దిగా ఘాటు లేని సబ్బు కలిపి, తడి గుడ్డతో చదరం చదరంగా తుడిచి వెంటనే ఆరబెట్టండి. తెల్ల పూత ఉన్నచోట తడిపిన కాగితపు గుజ్జు పట్టించి, ఆరాక తీయండి. ఉప్పు అందులోకి వస్తుంది. ఒక్కసారితో పోదు, ఓపిక కావాలి. మెరుపు కోసం అమ్మే సీలర్లు రాయవద్దు, కింది తేమను బంధిస్తాయి.

రెండు వందల టైల్స్ న్యూజెర్సీకి తీసుకెళ్లడం గురించి సూటిగా చెబుతాను: అది చట్టవిరుద్ధం. పురావస్తువులు, కళాఖండాల చట్టం, 1972 ప్రకారం వందేళ్లు దాటిన పురావస్తువుల్లో కట్టడం నుంచి విడదీసిన వస్తువులు కూడా ఉన్నాయి. వాటిని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది అనుమతించిన సంస్థకు తప్ప వ్యక్తులకు లేదు. శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, దానికి తోడు జరిమానా. ‘మా తాతల సొత్తు’ అన్నది అక్కడ జవాబు కాదు. గోడ మీది జపాన్ టైల్స్ కూడా వందేళ్ల గీత దగ్గర ఉన్నాయి. వాటి విషయంలో పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వే సంస్థ ధ్రువపత్రం ఇస్తే తప్ప పెట్టె కట్టవద్దు. మీ కొత్త ఇంటికి అలాంటి నేలే కావాలంటే జాక్‌ఫీల్డ్‌లో క్రేవెన్ డన్నిల్ అనే సంస్థ నేటికీ పాత పద్ధతిలో ఎన్‌కాస్టిక్ టైల్స్ చేస్తోంది. మీ నమూనా గీయించి పంపితే చేసి పెట్టమని అడగవచ్చు. అసలువి ఇక్కడే ఉండాలి.

ఇల్లు పోవడం తప్పదంటే నేలను ఇలా విప్పించండి. ముందు నేల మొత్తాన్ని పైనుంచి ఫోటో తీసి, గీతల కాగితం మీద పటం గీసి, ప్రతి పలకకూ వరస సంఖ్య, గడి సంఖ్య ఇవ్వండి. అంచున ఇప్పటికే పగిలిన పలకను బలిచ్చి, అక్కడి నుంచి పక్కకు పోవాలి తప్ప మధ్యలో పైనుంచి పొడవకూడదు. అడుగున గానుగ సున్నం ఉంటే అదృష్టం. కత్తి మొనతో గీకితే రాలుతుంది, సన్నని పొడుగు బ్లేడు కిందికి తోస్తే పలక లేస్తుంది. సిమెంటు అయితే మూడింట ఒకటి పగలవచ్చని ముందే అనుకోండి. వెనకంటిన సున్నాన్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టి కర్ర చెక్కతో తీయండి. సిమెంటు ముద్దను మాత్రం ఊడబీకవద్దు, పలకతోనే రానివ్వండి. పెట్టెల్లో పడుకోబెట్టకుండా నిలువుగా, మధ్యన అట్టలతో సర్దాలి. అట్ట తడవకూడదు.

ధర నేను చెప్పను. ఎవరైనా ఫోటో చూసి ధర చెబితే నమ్మవద్దు. విడి పలకలకు ఒక లెక్క, అంచు వరసలతో, మూల పలకలతో సహా ఒక గదికి సరిపడా ఉన్న పూర్తి నేలకు వేరే లెక్క. ఎనిమిది స్తంభాలూ తలకట్టు ఆకులతో సహా ఒకే సెట్టు అయితే వాటి లెక్క కూడా అంతే. కారైకుడిలోని పాత సామాన్ల వీధి, కొచ్చిలో జ్యూ టౌన్, ముంబయి చోర్ బజార్ ఒకసారి తిరిగి, వాళ్లు అడిగే ధరలు విని రండి. అడిగే ధరకూ మీకిచ్చే ధరకూ ఉన్న దూరం అక్కడే అర్థమవుతుంది. అమ్మితే లైసెన్సు ఉన్న వ్యాపారికే, రాతకోతలతో అమ్మండి.

నన్ను అడిగితే మాత్రం వరండానూ, ముందు హాలునూ అలాగే ఉంచి, వెనక దొడ్డి వైపు కొత్త ఇల్లు కట్టుకోమంటాను. మీ అన్నదమ్ములకు కావలసింది పడక గదులు, స్నానాల గదులు, కారు పెట్టే చోటు. వాటి కోసం వీధి ముఖాన్ని చెరపనక్కర్లేదు. ముంబయిలో 1872లో తెరిచిన, ఇప్పుడు భావు దాజీ లాడ్ పేరుతో ఉన్న మ్యూజియాన్ని దానిలోని పోత ఇనుప పనితో, నేలతో సహా 2000లలో మరమ్మతు చేసి నిలబెట్టారు, యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. అంత పెద్ద కట్టడానికి సాధ్యమైన పని ఒక వరండాకు అసాధ్యమేమీ కాదు. అన్నదమ్ములతో మాట్లాడేటప్పుడు కాంట్రాక్టరు ధర పక్కన వరండా మరమ్మతు ఖర్చును కూడా పెట్టి చూపించండి.

వానలు మొదలవక ముందు మూడు చోట్ల ఫోటోలు తీసి పంపండి: ప్రతి స్తంభం పాదం నాలుగు వైపుల నుంచి, స్తంభం తలపై నీరు దిగే చోటు, రైలింగ్ పట్టీలు రాతిలో దిగిన చోటు. ఆ చివరిది ముఖ్యం. అక్కడ సీసం పోసి బిగించి ఉంటారు. సీసం కింద ఇనుము తుప్పు పట్టి ఉబ్బితే రాయి పగులుతుంది, మేడ అంచున నిలబడిన మనిషికి రైలింగ్ ఆసరా ఇవ్వదు. అందాకా మేడ మీదికి ఎవరినీ వెళ్లనీయకండి, వరండాలో నాలుగో స్తంభం పక్కన తాత్కాలికంగా ఒక ఇనుప జాకీ నిలబెట్టించండి.